ఉప్పు నీళ్ళలో ఉతికిన పట్టు గుడ్డ

లాబు అటెండర్లుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడడానికి వస్తారు. పనిలో ముందుగా ఏం నేర్చుకోవాలని అడుగుతారు. దేన్ని కడగకూడదో ముందు నేర్చుకోండి అంటాను. ముసలావిడ చాదస్తం అనుకుని నవ్వుతారు. నవ్వితే నవ్వారు గానీ, ఆ ఒక్క ముక్క నాకు తలకెక్కడానికి నాలుగు రోజులు పట్టింది. నా మూలాన ఒక ఆడపిల్ల ఉద్యోగం ఊడిపోయేదాకా వచ్చింది. ఆ సంగతి రాస్తున్నాను. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా పుట్టిల్లు వాడరేవు. మా నాన్న పడవ మీద బతికాడు. మా అమ్మ ఎండు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళమ్మట తిరిగి మమ్మల్ని పెంచింది. నన్ను తెనాలిలో ఇచ్చారు. మావారు అక్కడ ఒక కాలేజీలో ఫిజిక్సు లాబు అటెండరు. ఆయన జ్వరంతో పోయాక ఆ పనిలోకి నన్ను తీసుకున్నారు. అప్పటికింకా పందొమ్మిది వందల అరవైలే. ఆడది లాబులో అటెండరేంటని కొందరన్నారు. చదువు రాదు కదా అని ఇంకొందరన్నారు. ఏ వస్తువు ఎక్కడ ఉందో గుర్తుంటే చాలని అక్కడి ఫిజిక్సు లెక్చరరుగారు సర్ది చెప్పారు. నాకు గుర్తుండేది. సీసా ఆకారాన్ని బట్టి, కడ్డీ బరువును బట్టి, దేన్నయినా చీకట్లో తడిమి తెచ్చి ఇవ్వగలిగేదాన్ని.

పనిలో చేరిన మొదటి వారంలోనే ఒక సంగతి జరిగింది. ప్రాక్టికల్సుకు వచ్చిన ఒక కుర్రాడు బల్ల దగ్గర నిలబడి, చేపల వాసన వస్తోందేంటి అన్నాడు. పక్కవాళ్ళు నా వంక చూసి ముసిముసిగా నవ్వారు. ఆ పూట నేను తిన్నది పచ్చడన్నం. అయినా పెరట్లోకి వెళ్ళి మోచేతుల దాకా మూడుసార్లు రుద్దుకున్నాను. ఆ రోజు నుంచి నాకు కడగడం ఒక జబ్బుగా పట్టుకుంది. బల్లలు కడిగేదాన్ని, గాజు సామాను కడిగేదాన్ని, ప్రయోగాలకు వాడే పట్టు గుడ్డలు సైతం కుంకుడు రసంలో ఉతికి ఆరేసేదాన్ని. తెనాలిలో కాలవ నీళ్ళు. ఏమీ అయ్యేది కాదు. పైగా లాబును అద్దంలా ఉంచుతుందని మెచ్చుకునేవారు. ఆ మెప్పే నా కొంప ముంచింది.

ఆ తరవాత కొన్నాళ్ళకు రేపల్లెలో ఒక కొత్త కాలేజీ పెట్టారు. అనుభవం ఉన్న అటెండరు కావాలంటే నన్ను పంపారు. కాలేజీ అన్న మాటే గానీ నాలుగు రేకుల షెడ్లు. లాబులో సామాను సగం ఉంటే సగం లేదు. బీయస్సీ పెట్టుకోవడానికి అనుమతి ఇవ్వాలా వద్దా అని చూడడానికి యూనివర్సిటీ నుంచి ముగ్గురు పెద్దలు వస్తున్నారని తెలిసింది. కమిషన్ అనేవాళ్ళు. అందులో ఒక ముసలి ప్రొఫెసరు మాటలు నమ్మడనీ, ప్రతి ప్రయోగం తన కళ్ళ ముందు చేసి చూపమంటాడనీ, అందులోనూ స్థిర విద్యుత్తంటే ఆయనకు ప్రాణమనీ కబురు ముందే వచ్చింది.

లాబు పనంతా చూసేది ఒక అమ్మాయి. డెమాన్‌స్ట్రేటరు. పాతికేళ్ళు కూడా లేవు. బాపట్లలో స్కూల్లో ఖాయమైన ఉద్యోగం వదులుకుని వచ్చింది. పిల్లల చేత ప్రయోగాలు చేయించాలని ఆమెకు కోరిక. ఇక్కడ ఆమెకు ఇచ్చిన ఆర్డరు ఆ నెలాఖరు దాకానే. కాలేజీ కమిటీ సెక్రటరీ గారికి మేనల్లుడొకడు చదువు ముగించుకుని ఖాళీగా ఉన్నాడు. కమిషన్ ఏ మాత్రం తప్పు పట్టినా ఒకటో తారీఖు నుంచి ఆమె రానక్కర్లేదని ఆయన ఆమె ముందే అన్నారు. ఆమె నన్ను పిన్నీ అని పిలిచేది. నేను అమ్మాయిగారూ అనేదాన్ని.

ఆ ప్రయోగాలు ఏంటో రెండు ముక్కల్లో చెబుతాను. ఎబొనైట్ కడ్డీ అని నల్లటిదొకటి ఉంటుంది, దాన్ని ఉన్నితో రుద్దుతారు. గాజు కడ్డీని పట్టు గుడ్డతో రుద్దుతారు. రుద్దితే వాటికి చార్జి వస్తుంది. పెళ్ళి బాసికాలు చేసే జీలుగు బెండును చిన్న ఉండలుగా చేసి పట్టు దారంతో వేలాడదీస్తారు. కడ్డీ దగ్గరికి తెస్తే ఉండ వచ్చి అంటుకుంటుంది. అంటుకున్నాక చార్జి పంచుకుని, ఎవరో తోసినట్టు దూరంగా పోతుంది. అన్నిటికన్నా సున్నితమైనది బంగారు రేకుల సీసా. మూతలోంచి ఒక ఇత్తడి కమ్మి లోపలికి దిగి ఉంటుంది, దాని కొసన రెండు పల్చటి బంగారు రేకులు. పైన చార్జి తగిలిస్తే రెండు రేకులూ ఒకదాన్నొకటి తోసుకుని రెక్కల్లా విచ్చుకుంటాయి. చార్జి ఉన్నంతసేపూ అలాగే ఉండాలి.

మాకు ఆ సీసా లేదు. బాపట్లలో ఒక కాలేజీ వాళ్ళు అమ్మాయిగారి ముఖం చూసి, ఆమె సంతకం మీద, సీసాతో పాటు కడ్డీలూ గుడ్డలూ ఉండలూ ఉన్న పెట్టె మొత్తం అరువిస్తామన్నారు. కమిషన్ గురువారం. నన్ను సోమవారం పంపారు.

బాపట్లలో స్టోరు చూసే పెద్దాయన పెట్టె నా చేతికిస్తూ, నువ్వు పడినా ఫరవాలేదమ్మా, ఇది పడకూడదు అన్నాడు. ప్యాసింజరు ఎక్కి కిటికీ పక్కన కూర్చుని పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను. బండి కదిలేముందు చేపల గంపలతో ఆడవాళ్ళు ఎక్కారు. వాళ్ళలో ఒకామె మా వాడరేవు మనిషి. నాకు వరసకు వదిన. చూడగానే గుర్తుపట్టింది. నా పక్కనే చతికిలబడి, ఉప్పు చేపల గంప నా మోకాలికి ఆనించి పెట్టుకుంది.

"ఏమే, తెనాలిలో ఇచ్చిన పిల్లవు కదూ. ఏముందే ఆ పెట్టెలో, బంగారమా?"

ఎదురుగా ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు ముక్కులకు రుమాళ్ళు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. నేను వినపడనట్టు మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. ఆమె కాసేపు చూసి, తన గోడు పక్కామెతో చెప్పుకోవడం మొదలుపెట్టింది. రెండు రోజులు ఎండేసినా సరుకు ఆరడం లేదట. తూర్పు గాలి తిరిగితే ఉప్పు చేప మళ్ళీ ఏడుస్తుంది, ఎండను తిట్టి ఏం లాభం అంటోంది. నేను చెవిన వేసుకోలేదు. బండి కుదుపులకు నా కాళ్ళు తిమ్మిరెక్కి పెట్టె కింద పెట్టాను. తెనాలిలో బండి మారడానికి దిగేటప్పుడు చూస్తే గంపలోంచి కారిన ఉప్పు నీళ్ళు పెట్టె అడుగున అంటి, సందులోంచి లోపలి పట్టు గుడ్డ దాకా పాకాయి. గంప కాస్త అవతల పెట్టు వదినా అని ఒక్క మాట అంటే సరిపోయేది. మొహం తిప్పుకున్నదాన్ని, ఏ నోటితో అడగను?

రేపల్లె బండిలో ఆ దారి పొడుగునా వాసన నన్ను వెంటాడింది. పెట్టె తెరవగానే అందరూ ఏమనుకుంటారో నాకు తెలుసు. గంప సంగతి ఎవరూ అనుకోరు. తెచ్చింది ఎవరో చూసి ముక్కు మూసుకుంటారు. లాబుకు వచ్చేసరికి సాయంత్రమైంది, ఎవరూ లేరు. బావి దగ్గరకు పోయి పట్టు గుడ్డలు కుంకుడు రసంతో ఉతికాను. కడ్డీలు కడిగాను. బెండు ఉండలు వేలాడే పట్టు దారాలు జాడించాను. సీసా మూతకున్న బిరడా మీద కూడా నీళ్ళ మరక కనిపిస్తే తడి గుడ్డతో శుభ్రంగా తుడిచాను. ఉదయానికి అన్నీ ఆరిపోయాయి. వాసన పోయింది. పెట్టెలో పొందిగ్గా సర్ది అమ్మాయిగారి చేతికిచ్చాను. ఎలా తెచ్చావో ఏమో పిన్నీ, కొత్తవాటిలా ఉన్నాయి అని ఆమె సంబరపడింది.

మంగళవారం పదింటికి మొదలుపెట్టింది. గాజు కడ్డీ రుద్ది ఉండ దగ్గర పెడితే ఉండ కదల్లేదు. మళ్ళీ రుద్దింది. ఉండ ఒకసారి వణికి ఊరుకుంది. సీసాకు తగిలిస్తే రేకులు విచ్చుకున్నట్టే విచ్చుకుని, కన్ను మూసి తెరిచేలోపు కిందికి వాలిపోయాయి. తేమ ఎక్కువగా ఉందేమోనని అన్నీ ఎండలో పెట్టించింది. మధ్యాహ్నం పెట్టినా అంతే. సాయంత్రానికి రుద్దీ రుద్దీ ఆమె అరచేతులు కందిపోయాయి.

నేను కడిగినందువల్లేనా? తెనాలిలో ఎన్నిసార్లు కడగలేదు? ఒక్కనాడన్నా ఇలా అయిందా? అవలేదు కదా, అయితే ఇది నా పని కాదు. ఇలా నాకు నేనే సర్ది చెప్పుకుంటూ గిన్నెలు తోమిన చోటే మళ్ళీ తోముతూ కూర్చున్నాను. చెప్పేద్దామని రెండుసార్లు ఆమె బల్ల దాకా వెళ్ళాను. మంచినీళ్ళు కావాలా అని అడిగి తిరిగి వచ్చాను.

బుధవారం కూడా పని జరగలేదు. మా ఫిజిక్సు పెద్ద లెక్చరరుగారు తలుపు దగ్గర నిలబడి చూసి, "ఏంటమ్మా, బాపట్ల నుంచి బంగారం తెప్పించావు, గిల్టు తేలిందే" అన్నారు. థియరీ నేను చెబుతాను, ప్రాక్టికల్సు అమ్మాయి బాధ్యత అని ప్రిన్సిపాల్ గారితో ముందే అనేసి చేతులు దులుపుకున్న మనిషి ఆయన. మధ్యాహ్నం సెక్రటరీ గారు వచ్చారు. వస్తువులు మంచివేనని సంతకం పెట్టి తెచ్చుకున్నావు, అవి పని చేయట్లేదంటే చేయడం నీకు రావట్లేదన్న మాటేగా అన్నారు. ఆమె గాజు కడ్డీ తీసుకుని మళ్ళీ రుద్దడం మొదలుపెట్టింది.

ప్రిన్సిపాల్ గారు న్యాయంగా ఉండాలనుకున్నారు. నన్ను గదిలోకి పిలిచారు. దారిలో గానీ ఇక్కడ గానీ నువ్వేమైనా చేశావా అని అడిగారు. అమ్మాయిగారు పక్కనే నిలబడి ఉంది. సెక్రటరీ గారు కుర్చీలో ఉన్నారు. గుడ్డకు చేపల నీళ్ళు అంటుకున్నాయని ఆ గదిలో చెప్పడం నా వల్ల కాలేదు.

"లేదండి" అన్నాను.

ఆయన ఒక కాగితం మీద ఏదో రాయించి చదివి వినిపించారు. వస్తువులను తెచ్చినవి తెచ్చినట్టే అప్పగించాను, వేరే ఏమీ చేయలేదు అని. నా బొటనవేలికి సిరా రాసి ముద్ర వేయించుకున్నారు. బయటికి వచ్చాక ఆ సిరా ఎంత తోమినా పోలేదు. అమ్మాయిగారు నా దగ్గరకు వచ్చి, నీ మీదికి రాకుండా పోయిందిలే పిన్నీ, అదే నయం అంది. ఆ మాట కన్నా చెంప మీద కొట్టినా బాగుండేది.

గురువారం ఏడు కాకముందే లాబు తలుపు తీశాను. బయట మంచు ఇంకా విడలేదు. సముద్రం మీది నుంచి తూర్పు గాలి వీస్తోంది. కమిషన్ పదకొండింటికి. ముందు రోజంతా షెడ్డు ముందు ఎండలో ఎండిన పట్టు గుడ్డను పెట్టెలోంచి తీశాను. చేతికి చెమ్మగా తగిలింది. పక్కన బీరువాలో మా పాత గుడ్డ ఒకటి ఉంది, చిరుగులు పడ్డది, వాడకుండా పడేసింది. దాన్ని పట్టుకు చూస్తే పొడిగా ఉంది. ఒకే గది, ఒకే గాలి. ఒకటి పొడి, ఒకటి తడి.

అప్పుడు రైల్లో వదిన మాట చెవిలో పడ్డట్టయింది. తూర్పు గాలి తిరిగితే ఉప్పు చేప మళ్ళీ ఏడుస్తుంది. మా అమ్మ కూడా ఇదే అనేది. ఉప్పు ఉన్నంతకాలం చేపను ఎంత ఎండేసినా గాలిలో నీళ్ళు లాక్కుంటూనే ఉంటుంది. వంటింట్లో ఉప్పు జాడీ వానాకాలంలో నీరు కారినట్టే.

గుడ్డ కొస నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు. గాజు కడ్డీకి నాలిక ఆనించాను. ఉప్పు. దారం, బిరడా, అన్నీ ఉప్పే. రేపల్లెలో మా బావి నీళ్ళకు సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు. అయినా తాగడానికి పనికిరాకపోతే కడగడానికేం అనుకున్నానే తప్ప, ఆ నీళ్ళు ఆరిపోయాక ఉప్పు ఎక్కడికి పోతుందని ఆలోచించలేదు. నల్ల కడ్డీని కూడా నాకి చూస్తుండగా తలుపు దగ్గర అలికిడైంది. అమ్మాయిగారు. కమిషన్ కోసం పట్టు చీర కట్టుకుని వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"పిన్నీ, ఏం చేస్తున్నావు?"

"ఉప్పగా ఉందండి."

"ఏది?"

"అన్నీనండి. నేనే కడిగాను. సోమవారం సాయంత్రం, బావి నీళ్ళతో."

ఆమె స్టూలు మీద కూర్చుంది. కొంతసేపు నా బొటనవేలి వంకే చూసింది. సిరా ఇంకా ఉంది.

"ఎందుకు కడిగావు?"

చెప్పాను. రైలు, గంప, నేను మొహం తిప్పుకోవడం, వాసన నాదనుకుంటారన్న భయం, ఒకటి దాచకుండా చెప్పాను. ఆమె కోప్పడుతుందని ఎదురుచూశాను. కోప్పడలేదు.

"నాకొక్కదానికి చెబితే ఏమయ్యేది?" అంది.

ఆమె లేచి గడియారం చూసి, మంచినీళ్ళు ఎక్కడున్నాయి అంది.

మంచినీళ్ళు ఊరవతల చెరువు నుంచి రావాలి. వెళ్ళి తెచ్చేసరికి తొమ్మిదవుతుంది. ప్రిన్సిపాల్ గారి గది బయట మాత్రం కమిషన్ వాళ్ళు తాగడానికి తెప్పించిన రెండు ఇత్తడి బిందెలు నిండుగా ఉన్నాయి. ఒకటి ఎత్తుకొచ్చాను. కాపలా ఉన్న ప్యూను వెంట పడ్డాడు. వాళ్ళు తాగే నీళ్ళక్కా, ఏంటీ పని, నా ఉద్యోగం తీస్తావా అని గోల పెట్టాడు. ఉద్యోగాలు పోతే ముగ్గురివీ ఒకేసారి పోతాయిలే నాయనా అన్నాను. బిందెడు నీళ్ళనూ కొంచెం కొంచెం పోసుకుంటూ గుడ్డలు, కడ్డీలు ఐదారుసార్లు జాడించాను. నోట్లో పెట్టుకుని చప్పగా ఉందనిపించేదాకా వదల్లేదు. బిరడాను అమ్మాయిగారే తడి దూదితో తుడిచి, పొడి దూదితో అద్దింది. రేకులకు ఊపిరి తగలకుండా ఆమె ముక్కు బిగబట్టింది, చూస్తూ నేనూ బిగబట్టాను. సన్నటి దారాలు మళ్ళీ జాడిస్తే తెగిపోయేలా ఉన్నాయి. ఆమె తన చీర పైట కొసన రెండు పట్టు పోగులు లాగి ఉండలకు కట్టేసింది.

క్యాంటీన్ నుంచి కుంపటి తెచ్చి బల్ల కింద పెట్టాను. గుడ్డను నిప్పుల పైన ఎడంగా పట్టుకుని ఆరబెడుతుంటే, ఉప్పుకు నీళ్ళంటే అంత ఆపేక్ష ఎందుకండి అని అడిగాను. అడగాల్సిన సమయం కాదు. ఊరికే ఉండలేక ఏదో ఒకటి మాట్లాడాలనిపించింది. ఆమె కడ్డీని తిప్పుతూనే చెప్పింది. నీటి కణానికి మొత్తం మీద చార్జి ఉండదు. కానీ ఒక కొస ప్లస్, ఒక కొస మైనస్. ఉప్పులో ఉన్నవి నిజంగా చార్జి ఉన్నవి, కొన్ని ప్లస్, కొన్ని మైనస్. ప్లస్ ఎదురైతే నీరు తన మైనస్ కొస తిప్పుతుంది, మైనస్ ఎదురైతే ప్లస్ కొస తిప్పుతుంది. ఎటు తిరిగినా అంటుకుంటుంది. అలా గాలిలో తేమంతా ఉప్పు చుట్టూ చేరుతుంది. ఆ తడి మీదుగా మన చార్జి జారిపోతోంది.

నాకు వెంటనే అర్థమైంది. ఎదురుగా ఎవరుంటే వాళ్ళకు తగిన మొహం తిప్పేవాళ్ళను ఆ మూడు రోజుల్లో చాలామందిని చూశాను. నాతో కలిపి.

పది ముప్పావుకు కార్లు వచ్చాయి. ప్రిన్సిపాల్ గారు వాళ్ళకు కొబ్బరి బొండాలు కొట్టించి ఓ పావుగంట కాలం గడిపారు. ఆ పావుగంటలో నేను కుంపటిని బల్ల కిందే గోడ వారకు జరిపాను. ముసలి ప్రొఫెసరు లోపలికి వచ్చి ఎవరినీ పలకరించకుండా బల్ల ముందు నిలబడ్డారు. మందపాటి కళ్ళద్దాలు. పెద్ద లెక్చరరుగారు ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపారు. అమ్మాయిగారు గాజు కడ్డీ తీసుకుంది. ఆమె రుద్దుతుంటే నేను వెనక్కి జరిగాను.

కడ్డీ దగ్గరకు రాగానే ఉండ ఎగిరి వచ్చి అంటుకుంది. అంటుకున్న మరుక్షణం దూరంగా పోయింది. కడ్డీని ముందుకు జరిపితే ఉండ ఇంకా వెనక్కి పోయింది.

"మొదట లాగింది. అంటే దానికి అప్పటికే చార్జి ఉందనా?" అన్నారు ప్రొఫెసరు గారు.

"కాదు సార్. చార్జి లేనిదాన్ని కూడా లాగుతుంది. తోస్తేనే రుజువు."

ఆయన తల ఊపి, తనే కడ్డీ తీసుకుని సీసాకు చార్జి ఇచ్చారు. రేకులు విచ్చుకున్నాయి. చేతి గడియారం చూస్తూ నిలబడ్డారు. నిమిషం అయింది. రెండు నిమిషాలు అయినట్టుంది. రేకులు దిగలేదు. అప్పుడాయన వంగి బల్ల కింద కుంపటి చూశారు.

"సముద్రం పక్కన ఈ చెమ్మ గాలిలో చార్జి ఇంతసేపు నిలబడటం నేనెక్కడా చూడలేదు. కుంపటి ఒక్కదానితో కాదు. ఏం చేశారు?"

సెక్రటరీ గారు అమ్మాయిగారి వంక చూశారు. నేనూ చూశాను. ఆరబెట్టాం సార్ అంటే సరిపోయేది. ఆమె అలా అనలేదు.

"నిన్నటి దాకా పని చేయలేదు సార్. వీటిని బావి నీళ్ళతో కడిగారు, ఉప్పు పట్టింది. పొద్దున మంచినీళ్ళతో కడిగాం. కారణం కనిపెట్టింది మా అటెండరు."

కడిగింది ఎవరని ఆమె చెప్పలేదు. చెప్పనక్కర్లేకుండా ప్రిన్సిపాల్ గారు నా వేలి వంక చూశారు.

ప్రొఫెసరు గారు నా వైపు తిరిగారు. "నీకెలా తెలిసిందమ్మా?"

గదిలో పది మంది ఉన్నారు. పట్టు పంచెలు, ఇస్త్రీ చొక్కాలు. ఏళ్ళ తరబడి కుంకుడు రసంతో రుద్ది రుద్ది వదిలించుకోవాలనుకున్న మాట అందరి ముందూ నోట్లోంచి రావాలి.

"ఎండు చేపలండి" అన్నాను. "మా అమ్మ అమ్మేదండి. ఉప్పు ఉంటే ఎంత ఎండేసినా మళ్ళీ చెమరుస్తాయండి. గుడ్డ కూడా అలాగే చెమర్చిందండి. నాకి చూస్తే ఉప్పగా ఉంది."

ఎవరో దగ్గారు. ప్రొఫెసరు గారు బల్ల మీది పట్టు గుడ్డ తీసుకున్నారు. దాన్ని కాసేపు వేళ్ళతో నలిపి, కొస నాలిక మీద పెట్టుకున్నారు.

"ఇప్పుడు చప్పగా ఉంది" అన్నారు.

ఆయన నవ్వలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు. ఆ తరవాత దాహంగా ఉంది, కాసిని మంచినీళ్ళు ఇప్పించండి అన్నారు. ప్యూను మిగిలిన ఒక్క బిందె వంకా, నా వంకా మార్చి మార్చి చూశాడు.

నెల తిరక్కముందే అనుమతి కాగితం వచ్చింది. లాబు గురించి మంచి మాట రాశారట. అమ్మాయిగారి ఆర్డరు పొడిగించారు, మరుసటి ఏడు ఖాయం చేశారు. సెక్రటరీ గారి మేనల్లుడికి ఇంకెక్కడో దొరికిందని విన్నాను. నాకు ప్రిన్సిపాల్ గారు మెమో ఇచ్చారు. చెప్పకుండా కడిగినందుకొకటి, అబద్ధానికి వేలిముద్ర వేసినందుకొకటి, రెండు తప్పులు. న్యాయమే. దాని మీద కూడా వేలిముద్రే వేశాను. పెద్ద లెక్చరరుగారు మాత్రం కనపడినప్పుడల్లా, ఏమ్మా, రేపటి నుంచి థియరీ కూడా నువ్వే చెబుతావా అనేవారు.

అవేవీ నన్ను బాధించలేదు. గురువారం సాయంత్రం నుంచి అమ్మాయిగారు నన్ను పిన్నీ అనడం మానేసింది. అటెండర్, ఆ స్టాండ్ ఇలా తీసుకురా. అటెండర్, కిటికీ మూయి. అంతే. కోపంగా అనేది కాదు, చల్లగా అనేది. కమిషన్ ముందు నన్ను కాపాడింది కదా, మరి ఇదేంటి అనుకునేదాన్ని. ఆమె ప్రొఫెసరుకు చెప్పిన మాటే గుర్తు చేసుకుని సర్ది చెప్పుకున్నాను. లాగితే రుజువు కాదు, తోస్తేనే రుజువు. నన్ను ఇంత దూరం తోసిందంటే ఆ పిన్నీ అన్న పిలుపులో ఉత్తి మర్యాద కాక ఏదో ఉండే ఉండాలి.

పన్నెండు రోజులకు పెట్టె బాపట్లకు తిరిగి పంపాల్సి వచ్చింది. ప్యూనును పంపుతారని నేను అనుకున్నాను. అతను కూడా చొక్కా మార్చుకుని తయారయ్యాడు. అమ్మాయిగారు పెట్టెకు తాడు కట్టి, బీరువా దగ్గర నిలబడ్డ నా దాకా వచ్చి నా చేతుల్లో పెట్టింది.

"పదకొండు గంటల బండికి వెళ్ళు పిన్నీ. చేపల గంపలు ఎక్కే రైలుపెట్టె అయినా ఫరవాలేదు, ఎక్కి కూర్చో. వాసన వస్తే వచ్చిందని చెప్పు. కడగకు."

తెనాలిలో బండి మారాను. అమ్ముకుని ఖాళీ గంపలతో తిరిగి వెళ్ళే ఆడవాళ్ళు గుంపుగా ఉన్నారు. వదిన వాళ్ళలో ఉంది. నన్ను చూసి, చూడనట్టు పక్క రైలుపెట్టె వైపు నడిచింది. తలుపు దగ్గర నిలబడి గట్టిగా పిలిచాను.

"వదినా, ఇలా రా, ఇక్కడ చోటుంది. గంప మాత్రం కాస్త అటు పక్కన పెట్టు."

ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. గంప దూరంగా కాళ్ళ దగ్గర పెట్టుకుంది. బండి కదిలాక నా ఒళ్ళో పెట్టె వంక చూసి మూతి విరిచింది.

"ఏం, అంత గుండెకు హత్తుకున్నావు. బంగారమా ఏంటి?"

"అవునొదినా, బంగారమే" అన్నాను.